నష్టం కింద రాయని వస్తువు

బెర్గెన్‌లో వాన పడటం వార్త కాదు,
ఆగితే వార్త.
ఆ వానకి లెక్క రాయడం నా ఉద్యోగం.
బీమా కంపెనీ కెమెరా, కొలత టేపు,
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు.
పదకొండేళ్ళుగా ఉబ్బిన తలుపుల్నీ చెమ్మ గోడల్నీ
ఫ్లాష్ కొట్టి, నంబరు వేసి, పంపించేదాన్ని.
ఎవరింట్లో ఏది పాడైందో తెలుసు.
పాడవకముందు అదేం చేసేదో
ఎన్నడూ అడగలేదు.

ఆ నవంబరులో, సాండ్వికెన్ వాలు మీద,
ఓడ్‌వార్ ఆస్లాక్సెన్ గారి నేలమాళిగ.
ఒకప్పుడు సరుకు ఓడల్లో వైర్‌లెస్ మనిషి.
నీళ్ళు తోడేశారు, బురద ఉండిపోయింది.
తివాచీ: పోయింది. కుర్చీలు: పోయాయి.
గోడమీద నీటి గీతకి నాలుగు వేళ్ళు పైన,
బల్లమీద టేకు పెట్టెలో
ఒక స్టీరియో రిసీవరు.
“ఇదీ రాసుకోవాలా?”
ఆయన పలకలేదు.
మెట్ల మీంచి వైరు లాక్కొచ్చి ప్లగ్గు పెట్టాడు.

ముందు ఏమీ లేదు.
తర్వాత, పాలు పొంగబోయేముందు
గిన్నె అంచున కదిలే కదలికలా,
గాజుపలక వెనక పసుపు.
ఆ పసుపులో ఊళ్ళు:
హిల్వర్సమ్, కలుండ్‌బోర్గ్, మోటాలా, లక్సెంబర్గ్,
సరిహద్దుల్లేకుండా ఒకే అరుగుమీద కూర్చున్నట్టు.
“వీటిలో చాలావాటికి ఎప్పుడో గొంతు పోయింది” అన్నాడు,
“దీపం మాత్రం పోలేదు.”
వేడెక్కిన దుమ్ము వాసన.
నాబ్‌ని వేలితో ఒక్క నెట్టు నెట్టి వదిలేస్తే
తనంతట తానే అన్ని ఊళ్ళూ దాటుకుంటూ
అథ్లోన్ దగ్గర నిలబడింది.

అలవాటు చొప్పున ఫ్లాష్ కొట్టాను.
తెరమీద శవం:
రేకు, గీతలు, మూలన తడి మరక.
ఆ పసుపు ఏదీ?
పదకొండేళ్ళలో మొదటిసారి ఫ్లాష్ ఆపేసి
బురదలో మోకాలు ఆన్చి, ఊపిరి బిగబట్టి,
షట్టరు నాలుగు సెకన్లు తెరిచి పట్టుకున్నాను.
నష్టం గడిలో సున్నా వేశాను.
ఆ ఫొటో ఆఫీసుకి వెళ్ళలేదు.

మార్చిలో ఆయనకే తీసుకెళ్ళి ఇస్తే
చాలాసేపు చూసి, “నాకిది చాలు,
నువ్వు పెట్టె పట్టుకుపో” అన్నాడు.
బొమ్మ ఆయన గోడకి, బరువు నా వంటింటికి.

అక్కడితో ఆగి ఉంటే పిచ్చి అనరు.
ఇప్పుడు పదమూడు.
రొట్టెల డబ్బా కిందికి దిగింది, యాంప్లిఫయరు పైకెక్కింది.
విడాకులు తీసుకున్న జంట చెరొకటి పంచుకున్న స్పీకర్లు:
ఎడమది వోస్‌లో ఆమె దగ్గర కొన్నాను,
కుడిది ఆరు నెలలకి, హౌగెసుండ్‌లో అతని దగ్గర.
ఇద్దరూ అడిగారు, వేరువేరుగా,
“రెండోది ఎలా ఉంది?”

పక్కింటి తోరున్ ఒకరోజు కాఫీకి వచ్చి
ఎక్కడా కప్పు పెట్టే చోటు లేక చేతిలోనే పట్టుకుని,
“వింటావా వీటిని, ఊరికే ఫొటోలు తీస్తావా?” అంది.

చెప్పాను.
నాలుగో ఏట జ్వరంతో పోయింది నా ఎడమ చెవి.
స్టీరియో అంటే ఏమిటో చదివానే గాని
ఎప్పుడూ వినలేదు.
వయొలిన్ ఒక పక్క నుంచి వస్తుందట,
చెల్లో ఇంకో పక్క నుంచి.
నాకు అన్నీ ఒకే కిటికీలోంచి వస్తాయి.
తోరున్ కప్పు నేలమీద పెట్టేసింది.

అందుకే దీపాలన్నీ ఆర్పేసి
ట్రైపాడ్ మీద కెమెరా బిగిస్తాను.
మూతపడ్డ ఒక చర్చి నుంచి తెచ్చిన టేప్‌డెక్,
లోపల ఎవరో మరిచిపోయిన కోరస్ రిహార్సల్.
రెండు మీటర్లు, రెండు సూదులు,
ఎనిమిది సెకన్లు.
సూదులు ఊగిన మేరా పొగమంచు విసనకర్రలు.
ప్రింటు తీసి, తడి ఆరకముందే
కిటికీ దగ్గర పట్టుకుని చూశాను:
రెండూ ఒకటి కావు.
ఎడమది వెడల్పు.

ఆ సాయంత్రం
ఎడమ వరసలో ఎవరో
గొంతు దాచుకోకుండా పాడారు.